పిట్టగోడ

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8

మోషే ధర్మశాస్త్రములో క్రొత్త ఇల్లు కట్టుకొనువారి కొరకు ఒక చిన్న ఆజ్ఞ కలదు. దానికి ముందు పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞయు, దాని తరువాత ద్రాక్షతోటలో విత్తవలసిన విత్తనములను గూర్చిన ఆజ్ఞయు ఉన్నవి. వాటి నడుమ ఒక్క వచనముగా ఒదిగియున్నందున చదువువారు తరచుగా దానిని దాటిపోవుదురు. ఇల్లు కట్టినవాడు దాని పైకప్పు చుట్టును పిట్టగోడ కట్టవలెననియు, కట్టక విడిచినయెడల అచ్చటనుండి పడినవాని ప్రాణమునకు ఆ యింటివాడే ఉత్తరవాది యగుననియు ఆ యాజ్ఞయొక్క భావము.

ఇశ్రాయేలీయుల యిండ్లకు పైకప్పు చదునుగా నుండెడిది. అది తెలుగువారి డాబా వంటిది. యెరికోలో రాహాబు జనుపకట్టె రాశివేసినది మిద్దెమీదనే. సమూయేలు సౌలుతో మాటలాడినది మిద్దెమీదనే. యొప్పేలో పేతురు మధ్యాహ్నవేళ ప్రార్థనచేయ నెక్కినది మిద్దెమీదికే. పని, సంభాషణ, ప్రార్థన, పిల్లల ఆటలు అన్నియు అచ్చటనే జరిగెడివి. దినదినము తిరుగాడు చోటు గనుకనే అచ్చటి అపాయము ఎవరికిని కనబడదు. అలవాటైన చోట మనుష్యునికి జాగ్రత్త తగ్గును.

ఈ యాజ్ఞలో గమనింపదగిన సంగతులు మూడు కలవు. మొదటిది, ఎవరును పడకముందే గోడ కట్టవలెను. పడిన తరువాత కట్టినగోడ మిగిలినవారికి మేలే గాని, పడినవానిని లేపదు. రెండవది, ఆ భారము ఇంటి యజమానునిది. డాబామీద ఆడుకొను పసివాడు గోడ కట్టుకొనలేడు. మూడవది, గోడ కట్టుట దేవునియందలి నమ్మికకు లోపమని అందులో ఎక్కడను లేదు. కట్టుమని సెలవిచ్చినవాడు దేవుడే.

అపొస్తలుడైన పౌలు దేహమును గుడారమను నివాసముతోను, దేవుని ఆలయముతోను పోల్చెను. ఈ పోలిక నిజమైనయెడల, నలుబది ఏండ్లు దాటిన మనుష్యుని దేహము అనేకులు తిరుగాడు మిద్దెవంటిది. ఆ వయస్సున ఒకవైపు పిల్లల చదువులు, పెండ్లిండ్లు. మరియొకవైపు వృద్ధులైన తల్లిదండ్రులు. నడుమ ఇంటి అప్పు, ఉద్యోగము, సంఘములో ఏదో యొక పరిచర్య. ఇరువది ఏండ్లప్పుడు ఒకడు పడినయెడల అతనిని ఎత్తుటకు ఇంటిలో పెద్దలు కలరు. నలుబదియైదేండ్లవాడు పడినయెడల అతనిమీద ఆనుకొన్న వారందరును కూడ పడుదురు. కాబట్టి వ్యాధి బయటపడకముందే దేహమును పరీక్ష చేయించుకొనుట, నడివయస్సున నున్న విశ్వాసికి, పిట్టగోడ కట్టుటవంటి ధర్మము.

నొప్పి లేనిచోట కన్నులతో చూడవలెను

పరీక్షకు పిలిచినప్పుడు అనేకులు చెప్పు మొదటి మాట, “నాకేమీ జబ్బు లేదు” అనునదే. నొప్పి లేదు గనుక జబ్బు లేదని వారి తలంపు. ఈ తలంపు ఎంత అపాయకరమైనదో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠరోగులకు సేవచేసిన వైద్యుడు పాల్ బ్రాండ్ తన జీవితపు పనియంతటిచేత చూపెను. మిషనెరీల కుమారుడుగా 1914లో కొల్లిమలలో జన్మించిన ఆయన, ఇంగ్లాండులో వైద్యవిద్య ముగించి 1946లో వేలూరునకు వచ్చెను. కుష్ఠరోగుల వ్రేళ్లు ఆ వ్యాధివలననే కుళ్లి రాలిపోవునని ఆ దినములలో సామాన్యముగా తలంచెడివారు. బ్రాండ్ ఓపికగా పరిశీలించి, వారి వ్రేళ్లు పోవుటకు ముఖ్యకారణము వేరని కనుగొనెను. వ్యాధి నరములను చంపివేయగా వారికి నొప్పి తెలియకపోయెను. వేడి గిన్నెను పట్టుకొన్నను, మేకు త్రొక్కినను వారు ఎరుగరు. నిద్రించుచుండగా రాత్రివేళ ఎలుకలు వ్రేళ్లను కొరికినను వారు మేలుకొనలేదు. అందువలన ఇంటికి వెళ్లు రోగితో ఒక పిల్లిని కూడ పంపు ఏర్పాటు జరిగెను.

నొప్పి యను కావలివాడు నిద్రించినప్పుడు ఏమి చేయవలెను? ఆ రోగులకు నేర్పిన పాఠము మిక్కిలి సామాన్యమైనది. ప్రతిదినము తమ చేతులను, పాదములను కన్నులతో పరీక్షించుకొనవలెను. నొప్పి చెప్పని సంగతిని చూపు చెప్పవలెను. తరువాతి కాలమున బ్రాండ్ అమెరికాలోని కార్విల్‌లో పనిచేయుచు, ఇదే పాఠమును మధుమేహమువలన పాదములలో స్పర్శ పోయినవారికి కూడ నేర్పెను.

నడివయస్సున వచ్చు ముఖ్యమైన వ్యాధులు ఈ విధముగానే నొప్పి లేకుండ వచ్చును. రక్తపోటు హెచ్చినవానికి అనేక సంవత్సరములు ఏ బాధయు తోచకపోవచ్చును. మరల మరల కొలిచినను 140/90 లేక అంతకు మించి యున్నయెడల అది చికిత్స కోరు రక్తపోటని వైద్యులు నిర్ణయింతురు. ఆ లెక్క పట్టీ కట్టి కొలిచినవారికే తెలియును గాని మోసినవానికి తెలియదు. అతనికి తెలియునాటికి పక్షవాతమో, గుండెపోటో వాకిట నిలిచియుండును. మధుమేహమును అట్టిదే. పరగడుపున రక్తములో చక్కెర డెసీలీటరునకు 126 మిల్లీగ్రాములు లేక అంతకు మించి, మరల చేసిన పరీక్షలోను అట్లే యున్నచో అది మధుమేహము. 100కును 125కును నడుమ ఉన్నచో అది హెచ్చరిక. ఆ హెచ్చరిక విన్నవారిలో అనేకులు ఆహారమును చక్కపరచుకొని, దినమును నడిచి, బరువు తగ్గి, వ్యాధిని దూరముగా నిలుపగలరు. విననివారికి లోలోపల కన్నులు, మూత్రపిండములు, పాదముల నరములు చెడిపోవుచుండును.

ఈ వ్యాధులు కొందరివి మాత్రమే అనుకొనుటకు వీలులేదు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగి 2023లో ప్రచురింపబడిన అధ్యయనము ప్రకారము, మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని అంచున నున్నారు. రక్తపోటు గలవారు 31 కోట్ల 50 లక్షలమంది. ఆదివారము ఆరాధనకు కూడిన ఏ సంఘములోనైనను ఈ లెక్కలోనివారు బల్లలమీద కూర్చుండియే యున్నారు. వారిలో కొందరు తాము ఆ లెక్కలో నున్నామని ఎరుగరు.

ఆసాయు హిజ్కియాయు

కొందరు భక్తులు మరియొక మాట చెప్పుదురు. “ప్రభువు కాపాడుచుండగా పరీక్షలు దేనికి?” అందురు. తమకు ఆధారముగా యూదా రాజైన ఆసాను చూపుదురు. ఆసాకు పాదములలో జబ్బు పుట్టెను. అతడు యెహోవాను వెదకక వైద్యులను వెదకెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము పదునారవ అధ్యాయము తెలుపుచున్నది. అయితే ఆ అధ్యాయమును మొదటినుండి చదివినవారికి ఆసా దోషము తేటగా కనబడును. అతడు యుద్ధములో సిరియా రాజు నాశ్రయించెను. గద్దించిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించెను. దేవునినుండి తొలగిన హృదయమే రోగములోను తొలగియుండెను. వైద్యులయొద్దకు వెళ్లుట అతని పాపము కాదు. దేవుని విడిచి వెళ్లుట అతని పాపము.

ఆసా ప్రక్కన హిజ్కియాను నిలిపి చూడవలెను. హిజ్కియా మరణకరమైన రోగమున పడి, గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు పదునైదు సంవత్సరముల ఆయుష్షును వాగ్దానము చేసెను. వాగ్దానము తెచ్చిన యెషయా ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. వాగ్దానమును మందును ఒకే ప్రవక్త నోట వచ్చెను. ఒకటి రెండవదానికి విరోధమని యెషయా తలంచలేదు. పౌలు కొలొస్సయులకు వ్రాయుచు లూకాను ప్రియుడైన వైద్యుడని పేర్కొనుటలో వింత యేమియు లేదు.

ఇంకొక మిద్దెను కూడ జ్ఞాపకము చేసికొనవలెను. సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరమున నిలువబెట్టి, క్రిందికి దుముకుమనియు, దూతలు చేతులతో ఎత్తుకొందురనియు లేఖనమునే ఎత్తి చూపెను. ప్రభువు దుముకలేదు. తండ్రి కాపాడగలడా యను సంశయము ఆయనకు లేదు. అయినను తండ్రిని శోధింపరాదని ఆయన యెరుగును. పిట్టగోడ కట్టుటకు అవకాశము ఉండగా కట్టక, దేవుడే పట్టుకొనునని చెప్పుట ఆ శిఖరముమీది మాటకు దగ్గరది. అది విశ్వాసమువలె వినబడును గనుకనే జాగ్రత్తగా పరీక్షింపవలసియున్నది.

భయమే అడ్డుగోడ

అయితే విశ్వాసమను మాట వెనుక అనేకసారులు భయము దాగియుండును. ఒక సంఘములోని ఉపాధ్యాయుని సంగతి దీనికి దృష్టాంతము. ఆయనకు 48 ఏండ్లు. ఆదివారపు బడికి ఆయనే పెద్ద. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట దేవాలయపు వసారాలో నర్సమ్మ బల్లవేసికొని అందరికిని రక్తపోటు, చక్కెర పరీక్షించుచుండెను. ఉపాధ్యాయుడు కుర్చీలు సర్దెను, ముసలివారిని చేయిపట్టి తీసికొనివచ్చెను, పేర్లు వ్రాసెను. తాను మాత్రము కూర్చుండలేదు. “మాస్టారూ, మీరూ ఒక్కసారి కూర్చోండి” అని నర్సమ్మ పిలువగా, “ముందు పెద్దవాళ్లని చూడమ్మా, నాకేం, ప్రభువు దయవల్ల బాగానే ఉన్నాను” అని తప్పించుకొనెను.

ఆ రాత్రి భోజనమైన తరువాత భార్య అడిగెను: “ఏమండీ, మన డాబామీదనుంచి ఎవరైనా పడ్డారా?”

“లేదే. ఎందుకు?”

“మరి అప్పు చేసి మరీ పిట్టగోడ ఎందుకు కట్టించారు?”

“పిల్లలు ఆడుకుంటారు గదా!”

“ఆ పిల్లలే గదండీ మీమీద ఆధారపడి ఉన్నది” అని ఆమె మెల్లగా అనెను.

ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, పెండ్లియైన ఇన్ని సంవత్సరములలో ఎన్నడును చెప్పని సంగతి చెప్పెను. ఆయన తండ్రి 52 ఏండ్ల వయస్సున పక్షవాతముతో పడి నాలుగేండ్లు మంచముమీద నుండెను. ఆ నాలుగేండ్లును ప్రక్క మార్చినది, స్నానము చేయించినది ఈ కుమారుడే. “ఆ పట్టీ చేతికి కడితే, నాన్న మంచం కనబడుతుంది. అందుకే కూర్చోలేకపోయాను” అని చెప్పి ఆయన కన్నీరు విడిచెను. ఆయన ప్రభువుపేర చెప్పిన మాట అబద్ధమని ఎవరును అనజాలరు. కాని అది భయము వేసికొనిన వస్త్రము.

మరుసటి వారము ఆయన వెళ్లెను. లెక్క 168/104 వచ్చెను. వేర్వేరు దినములలో మరల కొలిచినను అంతకు పెద్దగా తగ్గలేదు. వైద్యుడు మాత్ర నిర్ణయించి, ఉప్పు తగ్గించి దినమును నడువుమని చెప్పెను. మొదటి వారము ఆయన మిక్కిలి కృంగియుండెను. తండ్రి మంచము తనకొరకు సిద్ధముగా నున్నట్లు తోచెను. క్రమముగా ఆయనకు ఒక సంగతి బోధపడెను. తండ్రికి ఇట్టి లెక్క ఎవరును చెప్పలేదు. చెప్పువారు వచ్చుటకు ముందే ఆయన పడిపోయెను. కుమారునికి ముందుగా చెప్పబడినది. ఆ తేడాను ఆయన కృపయని పిలిచెను. ఆ మాత్ర ఆయనను ఎన్నటికిని పడనీయదని ఎవరును మాట ఇయ్యలేరు. పిట్టగోడ యున్న మిద్దెమీదనుండియు మనుష్యులు పడుట కలదు. అయినను గోడ కట్టిన యజమానుడు తన ధర్మమును నెరవేర్చెను. ఆ యింటివారు రాత్రి నిశ్చింతగా నిద్రింతురు.

తల్లులను మరువరాదు

స్త్రీల విషయములో భయముతోపాటు సిగ్గును, తనను తాను కడపట ఉంచుకొను అలవాటును అడ్డుపడును. ఇంటిలో అందరికిని వడ్డించిన తరువాత తినునట్లే, అందరికిని వైద్యము జరిగిన తరువాతనే తల్లి తన సంగతి తలంచును. తరచుగా అప్పటికి ఆలస్యమగును. గుంటూరులో లూథరన్ మిషను వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, 1898లో స్త్రీలకొరకు ఆసుపత్రిని తెరచుటకు కారణము ఇదియే. పురుష వైద్యుని యెదుటికి రాలేని స్త్రీలకు ఒక ద్వారము కావలసియుండెను.

నేడు ఆ ద్వారము గ్రామమువరకు వచ్చియున్నది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు సాధారణముగా అనేక సంవత్సరములు నెమ్మదిగా మార్పుచెందిన పిమ్మట పుట్టును. ఆ మార్పు దశలోనే కనుగొన్నయెడల సులభముగా తొలగింపవచ్చును. పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వినిగరువంటి ద్రవమును పూసినయెడల, చెడు మార్పు కలిగిన భాగము నిమిషములో తెల్లబడును. ఈ పరీక్షకు పెద్ద యంత్రము అక్కరలేదు. తమిళనాడులో దిండిగల్ జిల్లా గ్రామములలో 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలకు ఈ పరీక్ష ఒక్కసారి చేసి, అవసరమైనవారికి చికిత్స జరుపగా, ఆ క్యాన్సరువలని మరణములు 35 శాతము తగ్గినట్లు 2007లో ప్రచురింపబడెను. ఆ పనిలో అంబిలిక్కైలోని ఒక క్రైస్తవ ఆరోగ్య కేంద్రము పాలుపంచుకొనుట సంఘము సంతోషింపదగిన సంగతి.

నోటి క్యాన్సరును ఇట్లే కన్నులతో చూచి కనుగొనవచ్చును. తిరువనంతపురము జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి నోరు పరీక్షింపగా, పొగాకు, మద్యము వాడువారిలో ఆ క్యాన్సరువలని మరణములు 34 శాతము తగ్గినట్లు 2005లో వెల్లడియైనది. ఉత్తరాంధ్ర తీరములో నిప్పును నోటిలోపల ఉంచుకొని చుట్ట త్రాగు అడ్డపొగ అలవాటు గల స్త్రీలకు అంగిలిలో క్యాన్సరు వచ్చుట వైద్యులు చిరకాలముగా ఎరిగిన సంగతి. అట్టి అవ్వ నోరు తెరపించి చూచుట మనుమని చేతనగును. వైద్యునియొద్దకు తీసికొనిపోవుట అతని ధర్మము.

సంఘము చేయదగిన పని

ప్రభుత్వ ఏర్పాటుచొప్పున 30 ఏండ్లు నిండినవారికి రక్తపోటు, మధుమేహము, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా జరుపవలసియున్నది. మొదటి రెండింటిని ఏటేటను, క్యాన్సరు పరీక్షలను అయిదేండ్లకొకసారియు చేయవలెనని నియమము. కావున ఈ గోడ ధనవంతుల గోడ మాత్రమే కాదు. వేల రూపాయల ఖర్చుతో పదుల పరీక్షలు ఒకేసారి చేయించుకొనుట అందరికిని అవసరము లేదు. అక్కరలేని పరీక్ష అక్కరలేని దిగులును తెచ్చును. వయస్సును, కుటుంబ చరిత్రను, అలవాట్లను బట్టి ఏవి కావలెనో వైద్యుని అడిగి తెలిసికొనుట మేలు.

ప్రతి సంఘము సంవత్సరమునకు ఒక ఆదివారమునైనను ఈ పనికి ప్రత్యేకించుట యుక్తము. కాపరి మొదట కుర్చీలో కూర్చుండి చేయి చాపినయెడల ఒక ప్రసంగమంత మేలు కలుగును. పెద్దలు ఆయన వెనుక నిలుచుటయు అట్టిదే. ఫలితము చెడ్డదిగా వచ్చినవానిని గూర్చి, అతని పాపమువలన వచ్చెనని గుసగుసలాడు నోళ్లను సంఘము మూయవలెను. యోబు స్నేహితులు చేసిన తప్పు అదియే. ఫలితము మంచిదిగా వచ్చినవాడు అతిశయింపరాదు. అతడు కూడ దినదినము కృపవలననే నిలిచియున్నాడు. రోగమని తెలిసినవానిని ఆసుపత్రికి తోడుకొనిపోవుట, మాత్రలకు డబ్బులేనివానికి సహాయము చేయుట, ఇవి పరీక్షకంటె కష్టమైన పనులు. గోడ కట్టుట ఒక దినపు పని. దానిని కూలిపోకుండ కాపాడుట ఏండ్ల పని.

పరీక్షింపుమని అడిగిన భక్తుడు

నూటముప్పది తొమ్మిదవ కీర్తన చివర దావీదు తన హృదయమును పరిశోధింపుమని దేవుని వేడుకొనెను. ఆ కీర్తన మొదటనే దేవుడు తన్ను పరిశోధించి యెరిగియున్నాడని అతడు ఒప్పుకొనెను. దేవుడు ఇదివరకే ఎరిగిన సంగతిని తాను తెలిసికొనుటకు దావీదు భయపడలేదు. ప్రేమించువాని చేతిలో పరీక్ష శిక్ష కాజాలదని అతడెరుగును. విశ్వాసి నాడియు, రక్తమును, గుండెయు తల్లి గర్భములో ఆయన నిర్మించినవే. కొలత పట్టీ చూపు లెక్క ఆయనకు క్రొత్త వార్త కాదు. ఆ లెక్క విశ్వాసికి మాత్రమే క్రొత్తది. ఆ వార్త విను సమయమున అతడు ఒంటరిగా నుండడు.

ఇంటిమీద పిట్టగోడ కట్టుమని ఆజ్ఞాపించిన దేవుడు, నడివయస్సున నున్న తండ్రులకును తల్లులకును తమ దేహమును తెలిసికొను ధైర్యమును, తెలిసినదానిని మోయు బలమును, తమమీద ఆనుకొన్నవారిని ప్రేమించు ప్రేమను అనుగ్రహించును గాక. ఆయనకే యుగయుగములు మహిమ కలుగును గాక. ఆమేన్.